గులకరాళ్ల వాగు అడుగున రాళ్ల కదలికను కొలిచే పద్ధతి
శేషాచలం కొండల నుంచి తిరుపతి వైపు దిగే వాగుల్లో ఈ పనిని అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే మొదలుపెట్టాలి. వాగుకు అడ్డంగా నడుస్తూ, చూడకుండా వేలికి తగిలిన 100 రాళ్లను ఏరి, ఒక్కొక్కదాని వెడల్పును, అంటే పొడవుకూ మందానికీ నడుమనున్న కొలతను, మిల్లీమీటర్లలో రాసుకోవాలి. 1954లో అమెరికా శాస్త్రవేత్త వోల్మన్ సూచించిన ఈ లెక్కే తక్కిన పనికి పునాది. ఆ పరిమాణాల రాళ్లకు రంగు పూసి, అంకెలు వేసి, అదే పరిమాణపు రాయిని తీసిన గుంటలోనే బిగువుగా అమర్చాలి, ఎందుకంటే వదులుగా పెట్టిన రాయి మొదటి నీటికే కొట్టుకుపోయి లెక్కను పెంచుతుంది. పక్కనే నిలువుగా పాతిన ఇనుప గొలుసు, వరద తగ్గాక, వంగిన చోటును బట్టి వాగు అడుగు ఎంత లోతు కోతపడిందో చూపుతుంది. రంగు రాళ్లు జరిగిన సగటు దూరాన్ని, వాటిని కదిలించగల ప్రవాహం సాగిన కాలంతో భాగించి, ఆ కోత లోతుతోనూ వాగు అడుగున రాళ్లు కదిలిన మేర వెడల్పుతోనూ గుణించి, రాళ్ల నడుమ ఖాళీని మినహాయిస్తే, అంత కాలానికి ఎంత ఘనపరిమాణం రాళ్లు కదిలాయో తెలుస్తుంది. పూడిపోయిన రాళ్లను వదిలేస్తే సగటు తప్పుతుంది. అందుకే, పూడినా పరికరంతో వెతికి పట్టగలిగేలా, లోపల అయస్కాంతం అమర్చిన రాళ్లే మేలని నా అభిప్రాయం.