నల్ల మాల్ట్‌లో చేదు గొంతు గీరకుండా: నా అనుభవం

ఇంట్లో బీరు పులియబెట్టే జోలికి నేను పోను, చట్టం ఒప్పుకోదు. చిత్తూరులో మా ఇంట్లో కాచేది ఈస్ట్ వేయని నల్ల మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పానీయం. చేదుకు మాత్రం బీరులో వేసే హాప్స్ పూలే వాడతా.

ఆ చేదే సమస్య. మింగాక కూడా నాలుక చివర మాడిన రుచి పట్టుకుని వదిలేది కాదు. బెల్లం పెంచా, మరిగించే టైం తగ్గించా, బోరు నీళ్లు మాని ఆర్‌ఓ నీళ్లు పోశా, లాభం లేదు.

చివరికి అప్పటిదాకా వాడిన చినూక్ రకం హాప్స్ పక్కన పెట్టి మాగ్నమ్ అనే రకం తెప్పించా. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం అందులో సుమారు 13 శాతం ఉంటుంది, ఆ ఆమ్లాల్లో గరుకు చేదు ఇస్తుందని చెప్పే కోహ్యుములోన్ తక్కువ. ముందురోజు రాత్రి 150 గ్రాముల మాడ్చిన బార్లీని చన్నీళ్లలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున లేత రంగు మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి తీసిన రసం 4 లీటర్లు పొయ్యి మీద పెట్టి, తెర్లడం మొదలయ్యాకే 3 గ్రాముల మాగ్నమ్ వేశా. బంగారం తూచే చిన్న కాటా లేకుంటే ఈ లెక్క కుదరదు. వేయగానే పాలలా పొంగుతుంది, గరిటె చేతిలోనే ఉండాలి. వాసనకు మా అమ్మ వచ్చి, "ఏందిరా, వేపాకు కషాయం కాస్తా ఉండావా?" అనింది. సరిగ్గా గంట మరిగించా. బార్లీ నానిన నల్లనీళ్లు వడగట్టి చివరి 10 నిమిషాల్లోనే కలిపా.

చేదు ఉంది, గీరడం పోయింది. కాకపోతే హాప్స్, నానబెట్టడం రెండూ ఒకేసారి మార్చా. ఏది పనిచేసిందో చెప్పలేను. నాకైతే బార్లీని చన్నీళ్లలో నానబెట్టడమే పనిచేసిందనిపిస్తా ఉంది. పైగా పాత చినూక్ పొట్లం ఎండాకాలమంతా అటక మీదే ఉండింది, తప్పు దానిదీ కావచ్చు. మాగ్నమ్ ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉంది.