చారిత్రకమా, చరిత్రాత్మకమా: వాక్యం ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకోవడం

సమస్య సాధారణంగా ఇలా బయటపడుతుంది. వ్యాసం ఒకచోట 'చారిత్రక తీర్పు' అంటుంది, రెండు పేరాలు దాటాక అదే తీర్పును 'చారిత్రాత్మక తీర్పు' అంటుంది. లేదంటే పరిశోధన పత్రం అంచున గైడు 'ఏ అర్థంలో?' అని రాసి తిప్పి పంపుతారు. వెంటనే చాలామంది చేసే పని, ఫైలు మొత్తంలో ఒక మాట తీసేసి రెండోది పెట్టేయడం. దయచేసి ఆ పని చేయకండి. అప్పటిదాకా సరిగ్గా ఉన్న వాక్యాలు కూడా దాంతో పాడవుతాయి. దిద్దడానికి నా దగ్గరికొచ్చే ప్రతుల్లో ఎక్కువ నష్టం ఈ మూకుమ్మడి మార్పు వల్లే జరిగి ఉంటుంది.

ముందు ఇది చూడండి

ఆ విశేషణం తీసేసి, దాని చోట 'చరిత్రకు సంబంధించిన' అని పెట్టి చదవండి. తర్వాత 'చరిత్రలో నిలిచిపోయే' అని పెట్టి చదవండి. మొదటిది అతికితే చారిత్రక. రెండోది అతికితే చరిత్రాత్మక. ఇంత చిన్న పనిని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. వచ్చే తప్పుల్లో సగానికి పైగా ఇక్కడే తీరిపోతాయి.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణల పేరుతో పార్లమెంటు మార్చడానికి వీల్లేదని చెప్పింది. ఆ తీర్పు చరిత్ర గురించి కాదు, సవరణాధికారం గురించి. నిలిచిపోయింది కాబట్టి అది చరిత్రాత్మక తీర్పు. రాజరాజ నరేంద్రుడి విషయం వేరు. ఆయన నిజంగా ఉన్నాడనడానికి ఆయన వేయించిన నందంపూడి శాసనం ఉంది, అందుకే ఆయన చారిత్రక వ్యక్తి. గొప్ప రాజా కాదా అన్న సంగతి ఆ మాటలో లేదు.

పాతదైతే చారిత్రకం, కొత్తదైతే చరిత్రాత్మకం అని లెక్క వేసుకునేవాళ్లూ ఉన్నారు. అదీ కుదరదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర్లో దిగిన సాయంత్రమే దాన్ని చరిత్రాత్మకం అనొచ్చు. తళ్ళికోట యుద్ధం జరిగి నాలుగు వందల ఏళ్లు దాటింది, విజయనగరాన్ని కూలదోసింది కనుక 1565 నాటి ఆ యుద్ధమూ చరిత్రాత్మకమే. మరోవైపు ఎవరికీ పట్టని ఓ ఊరి కరణం రాసిన శిస్తు లెక్క కూడా చారిత్రక ఆధారమే.

ఇంకా అనుమానం ఉంటే ముందు 'అత్యంత' చేర్చి చూడండి. 'అత్యంత చరిత్రాత్మక నిర్ణయం' నిలబడుతుంది. 'అత్యంత చారిత్రక వ్యక్తి' నిలబడదు, ఎందుకంటే ఉండటంలో ఎక్కువ తక్కువలు లేవు.

రెండూ అతికినా అర్థం తప్పుతోంది

నన్ను ఎక్కువగా సతాయించినది ఇదే. వాక్యంలో రెండు మాటలూ అతుకుతాయి, వ్యాకరణంలో వంక ఉండదు, చదివినవారు మాత్రం రాసినవారు అనుకోనిది అర్థం చేసుకుంటారు.

ఈ వాక్యం చూడండి: 'పల్నాటి యుద్ధం చారిత్రకం కాదు.' రాసినవారి ఉద్దేశం ఏమిటంటే, అది రెండు దాయాది వర్గాల పోరు, ఆంధ్రదేశపు గతిని మార్చేంత పెద్దది కాదు అని. ఆ వాదన ఒప్పా తప్పా అన్నది పక్కన పెడదాం. పాఠకుడికి మాత్రం అసలు అలాంటి యుద్ధమే జరగలేదు అని వినిపిస్తుంది. పైగా పల్నాడు విషయంలో పండితుల చర్చ కూడా దాని మీదే. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, చాపకూడు: వీరగాథగా పాడుకుంటూ వచ్చిన వీటిలో జరిగినది ఎంత, తర్వాతివాళ్లు కల్పించినది ఎంత అని. అలాంటి చోట 'చారిత్రకం కాదు' అంటే మీరు ఆ చర్చలో ఒక పక్షం తీసుకున్నట్టే. చెప్పదలచుకున్నది ప్రాధాన్యం గురించి అయితే 'చరిత్రాత్మకం కాదు' అనాలి.

ఇది ఎందుకు కనబడకుండా దాగుతుందంటే, చరిత్రాత్మకమైనది ఏదైనా ఎలాగూ జరిగే ఉంటుంది. 'అది చారిత్రక ఘట్టం' అని రాసినా 'చరిత్రాత్మక ఘట్టం' అని రాసినా చదివేవారు సర్దుకుపోతారు. 'కాదు' అనగానే ఆ సర్దుబాటు పోతుంది. చారిత్రకం కాదంటే ఉనికినే కాదన్నట్టు. చరిత్రాత్మకం కాదంటే ప్రాధాన్యాన్ని మాత్రమే కాదన్నట్టు.

అందుకే అనుమానం వచ్చిన ప్రతి వాక్యానికీ చివర 'కాదు' తగిలించి చదవండి. మీరు కాదంటున్నది జరిగిందన్న మాటనా, దాని గొప్పతనాన్నా? జవాబు దొరికాక 'కాదు' తీసేసి సరైన మాట ఉంచండి. ప్రశ్నలకూ ఇదే వర్తిస్తుంది. 'ఇది చారిత్రకమేనా?' అని అడిగితే ఆధారం చూపమని అడిగినట్టే.

ఇదే తప్పు 'త' చేరినప్పుడు మరో వేషంలో వస్తుంది. సిద్ధాంత గ్రంథాల్లో 'కలమళ్ళ శాసనం: చారిత్రకత' అని అధ్యాయానికి పేరు పెడతారు. లోపల చూస్తే రాసినదంతా దాని గొప్పతనం. కడప జిల్లాలో దొరికిన ఆ శాసనం రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. కాలం సుమారు క్రీ.శ. 575. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మొదటిదిగా పేరు పొందింది. రేనాటి చోళుల గురించి చెబుతుంది కనుక చారిత్రక ఆధారం. శాసనాల్లోకి తెలుగు రావడాన్ని చూపిస్తుంది కనుక చరిత్రాత్మకం. రెండు మాటలూ దానికి చెల్లుతాయి. కానీ 'శాసన చారిత్రకత' అని పేరు పెడితే మాత్రం, అసలుదా నకిలీదా అన్న విచారణ లోపల ఉందని పాఠకుడు అనుకుంటాడు. నకిలీ తామ్రశాసనాలు కూడా దొరికాయి కాబట్టి అతను అలా అనుకోవడం సబబే. ఇలాంటి చోట 'చరిత్రాత్మకత' అని కూడా బిగించొద్దు. 'కలమళ్ళ శాసనం: ప్రాధాన్యం' అంటే చాలు.

'చారిత్రాత్మక' అని రాశారా?

అది సంకరం. 'ఇక' ప్రత్యయం చేరితే మొదటి అచ్చు మారుతుంది: సమాజం సామాజికమైంది, పురాణం పౌరాణికమైంది. 'ఆత్మక' చేరితే మొదటి అచ్చు కదలదు: గుణాత్మకం, రచనాత్మకం. కాబట్టి చరిత్ర, ఆత్మక కలిస్తే చరిత్రాత్మకమే. సంస్కృతంలో 'చారిత్రం' కూడా ఉందిగా అంటారు. ఉంది, కానీ దానికి నడవడి అని అర్థం. ఇక్కడ అది పనికిరాదు. పత్రికల్లో, ఉపన్యాసాల్లో ఈ రూపం బాగా పాతుకుపోయిందన్నది నిజమే. అయినా పరిశోధన పత్రంలో వద్దు. సరిచేసేటప్పుడు దీర్ఘం తీసేసి 'చా'ను 'చ' చేసి ఊరుకోకండి. అది రాసినవారు ఏ అర్థంలో వాడారో తేలలేదు కనుక, పైన చెప్పిన పరీక్ష మళ్లీ పెట్టండి. సగంసార్లు అక్కడ ఉండాల్సింది 'చారిత్రక'.

అరుదుగా ఎదురయ్యేవి

హిందీ నుంచి అనువదించిన ప్రతిలో 'ఐతిహాసిక' కనబడితే మూలం చూడండి. హిందీలో ఆ ఒక్క మాటే రెండర్థాలకూ వాడతారు. తెలుగులో ఇతిహాసం అనగానే రామాయణ భారతాలు గుర్తొస్తాయి కనుక యథాతథంగా ఉంచితే తప్పుదారి పట్టిస్తుంది. చారిత్రక నవల, చారిత్రక భౌతికవాదం లాంటివి స్థిరపడిన పారిభాషిక పదాలు, వాటిని కదపొద్దు. 'చారిత్రిక' అని రాయడం తప్పేమీ కాదు, పత్రం అంతటా ఒకేలా ఉంటే చాలు. ఉటంకింపుల్లో ఉన్న రూపాన్ని మాత్రం అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంచండి.