సాయంత్రం ఐదింటి ఆకలి ఎలా తగ్గిందంటే

పిండిపదార్థం తగ్గించాలని అన్నం మానేసి రెండు నెలలైనా, సాయంత్రం ఐదయ్యేసరికి చెయ్యి మిక్చర్ డబ్బా మీదకే పోయేది. దాని బదులు మారీ బిస్కెట్లు, మఖానా, జీడిపప్పు అన్నీ తిని చూశాను, లాభం లేకపోయింది. జీడిపప్పు వంద గ్రాముల్లో పిండిపదార్థం దాదాపు 30 గ్రాములట, పల్లీల్లో అందులో సగమే!

చివరికి పనిచేసింది ఇది. ముందు మధ్యాహ్నం కూరలో నూనె పిసినారితనం మానేశాను. వేడి బెండకాయ వేపుడు మీద చెంచాడు నెయ్యి. నాలుగున్నరకి, ఇంకా ఆకలి వేయకముందే, ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు. పావుగంట ఆగి గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు, రెండు పచ్చికొబ్బరి ముక్కలు. గిన్నెలోకి తీసుకుని మిగతావి లోపల పెట్టేస్తా, లేకపోతే గుప్పెడు కాస్తా గిన్నెడవుతుంది. టీ ఆ తర్వాతే, చక్కెర లేకుండా.

వారంలో మిక్చర్ గోల పోయింది. నెయ్యి వల్లో, మజ్జిగ వల్లో చెప్పలేను. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.