మయోర్కా వెళ్ళినప్పుడు బీచ్ దాటి లోపలి దీవిని చూడటం ఎలా?

మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి వెళ్ళేవారిలో చాలామంది విమానం దిగగానే తీరంలోని హోటల్‌కు చేరి, వారం రోజులూ ఇసుకలోనే గడిపి తిరిగి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ దీవిలో మనుషులు తరతరాలుగా బతికిన చోట్లు చూడాలంటే మాత్రం సముద్రానికి వీపు తిప్పి నాలుగైదు కిలోమీటర్లు లోపలికి నడవాల్సిందే.

మొదట పటం తీసి, ఒకే పేరుతో రెండేసి ఉన్న ఊళ్ళను గుర్తించండి. సోయెర్ ఉంది, పోర్ట్ దె సోయెర్ ఉంది. అలాగే పొయెన్సా, ఆంద్రాచ్ పట్టణాలకూ విడివిడిగా రేవులు ఉన్నాయి. సముద్రపు దొంగల భయంతో పూర్వం జనం తీరాన్ని వదిలి లోపల ఊరు కట్టుకోవడం, సరుకు దించుకోవడానికి మాత్రమే రేవును వాడుకోవడం దీనికి కారణం. ఆ భయం ఉత్తది కాదు: 1550లో పొయెన్సా మీద, 1561లో సోయెర్ మీద దొంగలు నిజంగానే దాడి చేశారు. వారిని తరిమిన ఘట్టాన్ని సోయెర్ వాసులు ఏటా మే నెలలో వీధుల్లో ఆడి చూపిస్తారు. కాబట్టి పేరులో ‘పోర్ట్’ కనిపించిన ప్రతిచోటా దాని తల్లి ఊరు ఎక్కడుందో వెతకడం మంచి పద్ధతి.

వెళ్ళడానికి ఏప్రిల్, మే నెలలు గానీ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా గానీ అనుకూలం. బాదం చెట్ల పూత చూడాలనుకుంటే ఫిబ్రవరిలో వెళ్ళాలి, అయితే అప్పుడు సముద్ర స్నానం ఆశ వదులుకోవాలి.

ఆ తర్వాత ప్రయాణం సంగతి. కారు లేకపోయినా ఇబ్బంది లేదు. దీవి రాజధాని పాల్మా నగరంలోని ప్లాసా దెస్పాన్యా కూడలి నుంచి దీవి నలుమూలలకూ బస్సులు, కొన్ని లోపలి పట్టణాలకు రైళ్ళు బయలుదేరుతాయి. 1912 నుంచి సోయెర్‌కు నడుస్తున్న చెక్క పెట్టెల రైలు అందరికీ తెలిసిందే కనుక, నా ఓటు మనాకోర్ వెళ్ళే మామూలు రైలుకే. బుధవారం పొద్దున్నే ఆ రైలెక్కి సినేవులో దిగితే వారపు సంత కనిపిస్తుంది; కూరగాయలు, తోలు సామానుతో పాటు గొర్రెలు, కోళ్ళు కూడా అమ్మకానికి వస్తాయి. మధ్యాహ్నానికి సంత ఎత్తేస్తారు, దుకాణాలు కూడా సాయంత్రం దాకా మూసి ఉంటాయి కాబట్టి ఆలస్యం చేయకూడదు. అదే దారిలో ముందుకు వెళితే పేత్రా వస్తుంది. కాలిఫోర్నియాలో క్రైస్తవ మిషన్లు స్థాపించిన హూనిపెరో సెర్రా 1713లో పుట్టింది ఈ చిన్న ఊళ్ళోనే. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఉండే తెలుగువారు రోజూ కార్లు నడిపే 280 నంబరు రహదారికి ఈయన పేరే పెట్టారు.

ఇక ఒక పూట తప్పకుండా తలయోట్లకు కేటాయించండి. ఇవి సుమారు మూడు వేల ఏళ్ళ నాటి రాతి బురుజులు. ఆర్తా పట్టణం నుంచి నడిచి వెళ్ళగల దూరంలో, ఓక్ చెట్ల తోపు మధ్య ఉన్న సెస్ పాయీసెస్ అనే ఆ కాలపు ఊరి శిథిలాల్లో రెండు నిలువు బండలపై మూడో బండను అడ్డంగా పెట్టిన ద్వారం ఇంకా చెక్కుచెదరలేదు. మయోర్కా, దాని పక్క దీవుల ప్రాచీన వాసులు వడిసెల విసరడంలో పేరు మోసి, కార్తేజ్, రోమ్ సైన్యాల్లో కూలికి యుద్ధం చేశారు. పిల్లలు రొట్టెను గురి చూసి కొడితే గానీ తల్లులు తిననిచ్చేవారు కాదని ప్రాచీన గ్రీకు రచయితలు రాశారు. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలిన మన పెద్దలకు ఆ వడిసెల పట్టు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

తీరం వదలడం ఇష్టం లేనివారికి అల్కూడియా అఖాతం దగ్గర సాల్బుఫేరా చిత్తడి నేల ఉంది. బీచ్ హోటళ్ళ వెనుకే రెల్లు పొదలు, కాలువలు, కొంగలు. పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని ఎండగట్టి పొలాలు చేయాలని ఆంగ్ల ఇంజనీర్లు తవ్వించిన కాలువలు మిగిలాయి, పొలాలు మాత్రం నిలవలేదు. 1988 నుంచి ఇది రక్షిత ప్రాంతం. బైనాక్యులర్లు ఉంటే వెంట తీసుకెళ్ళండి.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఎన్సైమాదా అనే చుట్టల రొట్టె చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ, దాని పేరులోనే పంది కొవ్వు ఉంది: స్థానిక భాషలో ‘సైమ్’ అంటే అదే. వంకాయ, బంగాళాదుంప, ఎర్ర మిరప ముక్కలను వేయించి పొరలుగా పేర్చి, పైన టమాటా గుజ్జు పోసే తుంబెట్ అడగండి. అయితే దానిని మాంసంతో గానీ, చేపతో గానీ కలిపి వడ్డించే అలవాటు ఉంది కాబట్టి విడిగా కావాలని చెప్పాలి.

కాళ్ళలో సత్తువ ఉంటే చివరి రోజు త్రమున్‌తానా కొండల్లో దేయా నుంచి సోయెర్ దాకా సుమారు మూడు గంటలు నడవండి. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన అంచెల గోడలు, వాటి మీద మెలికలు తిరిగిన ముసలి ఆలివ్ చెట్లు దారి పొడవునా కనిపిస్తాయి. 2011లో యునెస్కో ఈ కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ఆ గోడలూ ఒక కారణం. వాటి మీదికి ఎక్కకండి, ఒక్క రాయి కదిలినా వరుస మొత్తం జారుతుంది. దారిలో ఎక్కడైనా చెక్క గేటు ఎదురైతే తీసుకుని దాటి, వెనక్కి తిరిగి మళ్ళీ గొళ్ళెం పెట్టండి; అవతల గొర్రెలు మేస్తుంటాయి.