టూరింగ్ బండికి స్పీకర్లు, ఆంప్: హైవే హోరులోనూ మాట తెలియాలంటే

బెజవాడ వారధి దాటి గుంటూరు రోడ్డెక్కి, బండి 80 దాటగానే ఫెయిరింగ్ (బండి ముందుండే గాలి కవచం) స్పీకర్లలో ముందు బేస్ పోతుంది, తర్వాత మాటలు పోతాయి. వాల్యూమ్ పెంచితే గరగర మొదలవుతుంది. స్పీకర్ పాడైందని చాలామంది అనుకుంటారు, కానీ సాధారణంగా తప్పు దానిది కాదు. ఆ వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాకా ఉంటుంది. దాన్ని దాటాలని రేడియోలోని చిన్న ఆంప్ (ఆంప్లిఫయర్, సిగ్నల్‌ను స్పీకర్ మోగేంతగా పెంచేది) తన శక్తికి మించి ఊగుతుంది, తరంగం తలా తోకా తెగిపోతుంది. ఈ క్లిప్పింగే మనకు వినపడే గరగర.

అందుకే స్పీకర్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన మ్యాక్స్ వాట్లను పట్టించుకోకండి. చూడాల్సినవి ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా తట్టుకోగల పవర్), సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ శబ్దం ఇస్తుందో ఆ లెక్క). సెన్సిటివిటీలో 3 డెసిబెల్స్ తేడా అంటే ఆంప్ పవర్ రెట్టింపు అయినట్టే. 93 డెసిబెల్స్ స్పీకర్ 50 వాట్లతో ఇచ్చే శబ్దానికి 90 డెసిబెల్స్ స్పీకర్‌కు 100 వాట్లు కావాలి. బండి మీద కరెంటు కొలిచి వాడుకోవాల్సిందే కాబట్టి సెన్సిటివిటీకి పెట్టే డబ్బు వృథా కాదు. కోన్ (ఊగుతూ శబ్దం పుట్టించే గరాటు లాంటి పొర), దాని చుట్టూ ఉండే అంచు వానకు తట్టుకునే రకమై ఉండాలి. కాగితం కోన్ వద్దు.

ఆంప్ కొనే ముందు మల్టీమీటర్ తీయండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. లైట్లన్నీ వేసి 3000 ఆర్‌పీఎం దగ్గర చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13.5 కూడా రాకపోతే ముందు స్టేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది), రెక్టిఫయర్ (దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది) చూపించుకోండి. చార్జింగ్ సరిగా లేని బండికి ఆంప్ పెడితే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడల్లా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది.

ఇక లెక్క. నాలుగు చానెళ్లకు (ఒక్కో స్పీకర్‌కు ఒక్కో లైను) 75 వాట్ల చొప్పున 300 వాట్లు. క్లాస్ డి ఆంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) సామర్థ్యం 80 శాతం అనుకుంటే లోపలికి 375 వాట్లు కావాలి, అంటే 13.8 వోల్టుల దగ్గర 27 ఆంపియర్లు. గట్టిగా పెట్టినా పాటల్లో సగటు వాడకం ఇందులో మూడో వంతు, 9 ఆంపియర్లు ఉంటుంది. దీనికి 8 గేజ్ రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి. అది కాపాడేది ఆంప్‌ను కాదు, వైరును. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఫ్రేముకు ఒరుసుకున్న రోజు మంటను ఆపేది ఏదీ ఉండదు.

ఆటోనగర్‌లో వైరు తీసుకునేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. ఊపుకు త్వరగా తెగుతుంది కూడా.

పని మొదలెట్టేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ఫెయిరింగ్ లాగే ముందు లోపలి కనెక్టర్లను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత స్పీకర్ తీశాక వెనక ఎంత లోతు ఉందో కొలవండి. 6.5 అంగుళాల స్పీకర్ ముందు సరిగ్గా కూర్చున్నా, వెనక అయస్కాంతం ఏ వైరింగ్‌కో తగలవచ్చు. అంచు చుట్టూ ఫోమ్ పట్టీ తప్పనిసరి. సందు ఉంటే కోన్ ముందు వెనకల శబ్దం ఒకదాన్నొకటి చంపుకుని బేస్ పోతుంది. ప్లస్, మైనస్ తెలియకపోతే 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తగిలించండి: కోన్ బయటికి దూకితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. ఒక పక్క తారుమారైతే రెండు స్పీకర్లూ మోగుతూనే పాట పలచగా వినిపిస్తుంది.

ఆంప్‌కు గాలి తగలాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఇంజిన్ వేడి నేరుగా తగిలే చోట, స్పాంజిలో చుట్టి పెడితే ఆంప్ మధ్యాహ్నం పూట ఆగి, సాయంత్రం మళ్లీ పనిచేస్తుంది. రబ్బరు బుష్‌ల మీద, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి ఊపుకు వదులవనివి) బిగించండి. జాయింట్లకు సోల్డర్ కంటే క్రింపింగ్ (టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించడం) మేలు, ఎందుకంటే సోల్డర్ అయిపోయే అంచులోనే వైరు బిరుసెక్కి ఊపుకు విరుగుతుంది. పైన జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. ఎర్త్‌ను ఫ్రేముకు ఇవ్వకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కు తీసుకెళ్లండి. రిమోట్ వైరును (ఆంప్‌ను ఆన్ చేసే సన్న వైరు) కీ తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు ఇవ్వండి. మూసే ముందు హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఏ వైరూ నలగడం లేదని చూడండి.

ఆంప్ మీది గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు, రేడియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టేది. స్పీకర్లు విప్పేసి, ఈక్వలైజర్ ఫ్లాట్‌లో ఉంచి, 400 హెర్ట్జ్ టోన్‌ను రేడియో ముప్పావు వాల్యూమ్‌లో పెట్టండి. ఆంప్ అవుట్‌పుట్ మీద ఏసీ వోల్టేజ్ కొలుస్తూ గెయిన్ పెంచండి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 75 వాట్లంటే 17.3 వోల్టులు, 50 వాట్లయితే 14.1 వోల్టులు. అక్కడ ఆపేయండి. హై పాస్ ఫిల్టర్ (పెట్టిన హెర్ట్జ్ కంటే కింది బేస్‌ను ఆపేది) 6.5 అంగుళాలకు 80–100 హెర్ట్జ్, 5.25 అంగుళాలకు 100–120 హెర్ట్జ్. అంతకంటే కింది బేస్ ఎలాగూ గాలిలో కలిసిపోతుంది, కోన్‌ను మాత్రం ఊపి ఊపి చింపుతుంది.

ఆర్‌పీఎంతో పాటు కూత పెరుగుతుంటే ఆంప్ దగ్గర ఆర్‌సీఏ (రేడియో నుంచి సిగ్నల్ తెచ్చే వైరు) విప్పి చూడండి. కూత ఆగితే అది రేడియో వైపు నుంచి వస్తోంది: ఆర్‌సీఏను పవర్ వైరుకు దూరంగా మరో పక్క నుంచి లాగండి. ఆగకపోతే ఎర్త్ బిగుతు చూడండి.

కాజా టోల్‌గేట్ దాకా ఒకసారి వెళ్లొచ్చి, తర్వాత 200 కిలోమీటర్లకు మరోసారి అన్ని బోల్టులూ బిగించండి. ఇంజిన్ ఆపి అరగంట గట్టిగా పాటలు పెడితే 20 ఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు పావు వంతు ఖర్చవుతుంది. కీ తీశాక ఆంప్ లైనులో మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు కనిపిస్తే రిమోట్ వైరు తప్పు చోట ఇచ్చారన్నమాట. రాత్రికి బండి మూసే ముందే దాన్ని మార్చండి.