వెండి పట్టీలకు ధర కట్టే లెక్క

విజయనగరంలో సిరిమాను పండగ ముందు బేరాలు ఎక్కువ. అందుకే లెక్క ముందే కాగితం మీద ఉండాలి.

40 గ్రాముల 92.5 శాతం పట్టీల జత తీసుకోండి. అందులో మేలిమి వెండి 37 గ్రాములు. గ్రాము వంద అనుకుంటే 3,700 రూపాయలు. రేటు రోజూ మారుతుంది. కొన్ననాటిది కాదు, అమ్మేనాటిదే వేయాలి. లేకపోతే అదే వెండి మళ్లీ కొనలేరు.

తరుగు దగ్గరే చాలామంది తప్పుతారు. ఆకురాయి పెట్టినప్పుడు రాలిన రజను తూచి, కరిగిస్తే తిరిగొచ్చేది తీసేయండి. నిజంగా పోయినదే తరుగు. ఇక్కడ 2 గ్రాములు, 92.5 శాతం లెక్కన 185 రూపాయలు.

మువ్వలు అతకడం, మెరుగు కలిపి ఆరు గంటలు, గంటకు వంద చొప్పున 600. గ్యాస్, టంకం, యాసిడ్‌కు 150. మొత్తం 4,635. పది శాతం లాభంతో 5,098. జీఎస్టీ నమోదు ఉంటే పైన 3 శాతం.

రాళ్లుంటే వాటి బరువు వెండి రేటుకు కట్టకండి. పాత పట్టీలు మార్పిడికి తెస్తే ముందు టచ్, అంటే మేలిమి వెండి ఎంత శాతం ఉందో చూడండి. అతుకుల్లో టంకం ఎక్కువైతే శాతం పడిపోతుంది. కూలి తగ్గించి బేరం కుదుర్చుకోవడం మాత్రం వద్దు, తగ్గిస్తే లాభంలోంచే.