నల్లగొండ నుంచి ఎముక మజ్జ నమూనా పంపేటప్పుడు

క్రోమోజోమ్ పరీక్షకు కణాలు బతికి ఉండాలి. విభజన దశలోని కణంలోనే క్రోమోజోములు విడివిడిగా కనిపిస్తాయి. అందుకే మా ల్యాబ్ పిల్లలకు ముందుగా చెప్పేది: ఊదా మూత గొట్టం వద్దు, గడ్డకట్టనివ్వని మందు సోడియం హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూతదే తీసుకోండి. మజ్జ పడగానే గొట్టాన్ని నెమ్మదిగా ఎనిమిది, పదిసార్లు తలకిందులు చేయండి, గట్టిగా కుదపకండి. ఫ్రీజర్‌లో అసలు పెట్టకండి. మే ఎండలో హైదరాబాద్ బస్సెక్కిస్తుంటే ఐసు తగలకుండా గొట్టానికి గుడ్డ చుట్టండి. 24 గంటల్లో చేరితే మేలు.

ఈ పరీక్ష విలువ చూపినవారు అమెరికా జన్యు శాస్త్రవేత్త జానెట్ రౌలీ. ఆమె ఇంట్లో భోజనాల బల్లపై ఫొటోల్లోని క్రోమోజోములను కత్తిరించి పేర్చి చూసేవారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతున్నాయని 1973లో ప్రకటించారు. ఎంత ఓపిక! నేడు ఆ క్యాన్సర్‌కు ఇచ్చే ఇమాటినిబ్ మాత్ర ఎవరికి పనిచేస్తుందో చెప్పేది ఆ మార్పే.

శనివారం తీస్తుంటే, ఆదివారం అందుకునేవారున్నారేమో ముందే ఫోను చేసి కనుక్కోండి.